పన్నెండో చీటీ

బిస్కెట్ల డబ్బా చెకింగ్ అక్క దగ్గరికి వచ్చేసరికి అడుగున ఒక్క చీటీయే మిగిలింది. విప్పి చూస్తే పాటల టీచర్ పేరు. అలాగే మడిచి పాస్టరమ్మ చేతిలో పెట్టేసింది.

"ఇది మార్చండమ్మగారూ. ఇంకెవరైనా పరవాలేదు."

"డబ్బాలో ఇంకేం లేవక్కా. ఎవరికి ఎవరొస్తే వాళ్ళే."

పాస్టరమ్మ కాక స్త్రీల సమాజంలో ఉన్నది పన్నెండు మంది. చీటీలు రాసి తెచ్చిందీ, డబ్బాలోంచి ఒక్కొక్కరికీ తీసిచ్చిందీ పాస్టరమ్మే. చీటీలో వచ్చిన మనిషి కోసం ఏడాదిపాటు రోజూ ప్రార్థన చేయాలి. చేసేది ఎవరో తెలియకుండా చేతనైన సాయం చేయాలి. ఏ పేరు వచ్చిందో ఎవరికీ చెప్పకూడదు. ఏడాది చివరి కూడికలో ఎవరి మనిషి దగ్గరికి వాళ్ళు వెళ్ళి నిలబడాలి.

చెకింగ్ అక్క పనిచేసేది చొక్కాల ఫ్యాక్టరీలో. కుట్టు జారినా, కాలర్ మొనలు ఎగుడుదిగుడుగా ఉన్నా ఎర్ర స్టిక్కర్ అంటించి వెనక్కి పంపడం ఆమె పని. ఇరవై రెండేళ్ళ నుంచీ అదే. గేటు దాటాక కూడా ఆ కళ్ళు డ్యూటీ దిగవని చర్చిలో చెప్పుకునేవారు. ఒకరి ప్రార్థన పొడుగెక్కువ, ఇంకొకరి పిల్లలకు నోరెక్కువ అని మొహం మీదే అనేసేది. పోయిన నెల పాటల టీచర్ శ్రుతి తప్పిందని అందరి ముందూ అంది. టీచర్ ఆమెతో మాట్లాడటం మానేసింది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే జరుగుతూ పోయారు. ఇప్పుడు చెకింగ్ అక్క బెంచీలో ఆమె ఒక్కతే.

ఆమె సంచిలో ఒక ఉత్తరం ఉంది. తన సభ్యత్వం వేరే చర్చికి మార్చమని రాసుకుంది. తల్లి పోయాక ఆమెకు నా అన్నవాళ్ళంటే ఈ చర్చివాళ్ళే. అయినా రాసింది. చీటీతో పాటు ఆ ఉత్తరమూ తీసి ఇచ్చింది. పాస్టరమ్మ చదివి, రెండూ తిరిగి ఆమె సంచిలోనే పెట్టింది.

"ఏడాది ఆగండక్కా. చీటీ పూర్తి చేసి అప్పుడివ్వండి. నేనే సంతకం పెట్టిస్తా."

"ఆవిడ గురించి నేనేం ప్రార్థన చేస్తానమ్మా? నాకు తెలిసినవన్నీ లోపాలే."

"దేవుడేమన్నా మనల్ని చెకింగ్ చేసి, పాసయ్యాక ప్రేమించాడా?"

మొదటి వారం టీచర్ శ్రుతి బాగుపడాలని ప్రార్థించింది. అంతకు మించి ఏం తోచలేదు. తోచాలంటే చూడాలి. చూస్తే తెలిసింది. టీచర్ బడిలో రోజుకు ఆరు పీరియడ్లు చెప్పి వస్తోంది. శ్రుతి తప్పేది చెవి వల్ల కాదు, గొంతు ఆరిపోయి. మరుసటి వారం నుంచి ఆరాధనకు ముందే హార్మోనియం పక్కన వేడినీళ్ళ ఫ్లాస్కు కనిపించసాగింది. పేజీలూడిన పాటల పుస్తకం ఒకనాడు కాలర్ దారంతో కుట్టి ఉంది.

ఈలోగా చెకింగ్ అక్కకూ అందసాగాయి. వాన రోజున ఫ్యాక్టరీ వాచ్‌మన్ గొడుగు తెచ్చి, ఎవరో ఇచ్చి వెళ్ళారన్నాడు. కిర్రుమనే ఇంటి గేటుకు ఎవరో నూనె వేశారు. చర్చిలో మర్చిపోయిన సంచికి తెగిన పిడి కుట్టి ఉంది. ఆమె కళ్ళజోడు పెట్టుకుని తనిఖీ చేసింది. అంగుళానికి ఎనిమిది కుట్లు. ముడి ఎడమచేతి వాటం. నెల తిరక్కుండా ఆమె బెంచీ మీద దిండు చిరుగు మాయమైంది. అంగుళానికి పన్నెండు కుట్లు, ముడి కుడిచేతిది. జ్వరంతో పడుకున్న మూడు రోజులూ గడప దగ్గర పొద్దున పాలు, మధ్యాహ్నం రొట్టె, సాయంత్రం మాత్రలు. త్వరగా కోలుకోమని మూడు కాగితాలు. మూడింటి మీదా మూడు రకాల దస్తూరి.

గడుసుది, దొరక్కుండా ప్రతిసారీ చేయి మారుస్తోంది అనుకుంది.

ఒకరోజు కూడిక అయ్యాక టీ దగ్గర బ్యాంకు వదిన సణిగింది. తనకు ఇంతవరకూ గుండుసూది కూడా రాలేదట, తన చీటీ ఏ బద్ధకస్తురాలికి పడిందో అట. పక్కనున్న ఇద్దరూ తమదీ అదే కథ అన్నారు. చెకింగ్ అక్క టీ తాగేసి గ్లాసు కడిగి పెట్టింది. తర్వాత పాస్టరమ్మను పక్కకు పిలిచింది.

"వాళ్ళ సంగతేమో గానీ, నా మనిషి మాత్రం ఫస్ట్ క్వాలిటీ అమ్మగారూ."

పాస్టరమ్మ దగ్గొచ్చినట్టు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఫ్యాక్టరీలో ఎర్ర స్టిక్కర్లు తగ్గలేదు. కానీ చొక్కా వెనక్కి పంపేటప్పుడు అందులో ఏది బాగుందో కూడా చెప్పడం మొదలుపెట్టింది. కుట్టేవాళ్ళు మొదట్లో భయపడ్డారు.

ఏడాది చివరి కూడికలో పాస్టరమ్మ ఆఖరి చీటీ నుంచి మొదలుపెడదామంది. చెకింగ్ అక్క లేచి పాటల టీచర్ పక్కకు వెళ్ళి నిలబడింది. టీచర్ హార్మోనియం మీదున్న ఫ్లాస్కు వైపు చూసింది.

"ఇది మీదా?"

"నాదే. ఆ రోజు నలుగురిలో అలా అనకూడదు. తప్పు నాది."

"శ్రుతి మాత్రం నాదే తప్పింది లెండి," అని టీచర్ నవ్వి ఆమె చేయి పట్టుకుంది. "వెళ్ళి కూర్చోండక్కా. మీ మనిషి రావాలిగా."

చెకింగ్ అక్క తన బెంచీకి వచ్చి కూర్చుంది. సంచిలో ఉత్తరం అలాగే ఉంది. వచ్చేది ఒక్క మనిషే. ఒక్కరి కోసం ఉండిపోవచ్చా అని ఆలోచించింది. ఉండిపోవచ్చనిపించింది. సంచి తీసి కింద పెట్టి, పక్కన ఒక్కరికి చోటు చేసింది. ఇక మిగతావాళ్ళంతా లేచి ఎవరి మనిషి దగ్గరికి వాళ్ళు వెళ్ళమంది పాస్టరమ్మ.

పదకొండు మందీ ఆ బెంచీ వైపే నడిచారు.