మీ బావ అల్లే మంచం

చెల్లీ సుగుణా, నీ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? మరిదిగారికి షుగరు తగ్గిందా? మనవరాలి దగ్గు పోయిందా? పోకపోతే ఊరుకోబాకండి. ఫోనులో నాకు ఏడుపొస్తుందని కార్డు రాస్తున్నాను.

ఈ ఏడు మీ బావకి మతిమరుపు బాగా ముదిరింది. నన్నే "ఎవరమ్మా నువ్వు?" అంటున్నారు. ఎటన్నా వెళ్లిపోతారేమోనని గేటుకి తాళం వేస్తున్నాను. నులక మంచం ముందు కూర్చుంటే మాత్రం నెమ్మదిగా ఉంటారు. కండక్టరుగా చేసేటప్పుడు సెలవురోజు సరదాగా అల్లేవారు కదా, ఆ చేతులు మర్చిపోలేదు.

ఉన్నది ఒక్కటే నులక మంచం, అల్లడం అయిపోతే మళ్లీ కుదురుండరు. అందుకని మధ్యాహ్నం ఆయన నిద్రపోగానే అల్లిందంతా విప్పేసి, నులక ఉండ చుట్టి పెడతాను. లేచి మళ్లీ మొదలుపెడతారు. ఇట్లా మోసం చేస్తున్నందుకు దేవుడేమంటాడోనని ఒకటే బెంగ.

నిన్న నేను విప్పుతుంటే ఆయన కళ్లు తెరిచారు.

"విప్పవే ఎస్తేరూ," అన్నారు. ఎన్నాళ్లకి నా పేరు పలికారో! "చేతిలో పని లేకపోతే ఏడుస్తూ కూర్చుంటావు. అందుకేగా రోజూ అల్లిపెడుతున్నా."

నేను నోరు తెరిచేలోపే, "ఎవరమ్మా నువ్వు? మా ఆవిడేది?" అన్నారు.

ఇవాళ మళ్లీ విప్పాను. ఇంకేం చెయ్యనే? నువ్వొచ్చిన రోజు మాత్రం విప్పను, నువ్వు కూర్చోవాలిగా. ఆ పూట ఆయన్ని మాటల్లో పెట్టు. బస్సు దిగేటప్పుడు మోకాలు జాగ్రత్త. పన్నెండో తారీఖు, శుక్రవారం. నువ్వు కూడా మర్చిపోబాకే.