సర్కారు జీపు

సంచిలో రెండు లంగాలు, తువ్వాల, సబ్బుబిళ్ల పెట్టింది కట్టమ్మ. అన్నీ బయటికి తీసి, అడుగున మురుకుల మూట పెట్టి మళ్లీ సర్దింది.

"ఎన్నిసార్లు సర్దుతవే అవ్వా? జీపు పోతది," అంది పదిహేనేళ్ల లక్ష్మి.

మూలనున్న ఖాళీ వడ్ల గుమ్మిలోంచి తండ్రి మొండయ్య గొంతు వచ్చింది. "పోయిండా ఆయన?"

"ఇంకా పోలే. అండ్లనే కూసో," అంది కట్టమ్మ.

సర్కారు జీపు వచ్చిందంటే మగాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషనే అని ఆ ఏడాది భయం. పొద్దున దుమ్ము లేవగానే ఊళ్లో మగాళ్లంతా కందిచేలలో పడ్డారు. మోకాళ్ల నొప్పుల మొండయ్యకు గుమ్మే దిక్కయింది.

తీరా ఆఫీసరు రాజేశ్వర్ రావు వచ్చింది వేరే సర్వేకు. కొలువులిప్పిస్తామని ఆడపిల్లలను బొంబాయి తీసుకుపోయి అమ్ముతున్నారట. ఏ ఊరి నుంచి ఎందరు పోయారో రాసుకోవాలట. దొరికిన నలుగురు ముసలమ్మలకే ఆయన అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. వాళ్లలో సమ్మమ్మ హాయిగా నిద్రపోయింది.

ఆయనతో జీపు దిగిన మేడమే నయం. కళ్లజోడు, నెమ్మది మాట. ఇంటింటికీ తిరిగి పిల్లల వయసులు అడిగింది. ఆఫీసరు ఏది అడిగినా చకచకా చెప్పింది. సంతకం వచ్చినవాళ్లంతా కందిచేలో ఉన్నారు గనక, ఈ ఊరి నుంచి ఎవరూ పోలేదన్న కాగితం మీద సాక్షి సంతకం కూడా ఆమే పెట్టింది. కట్టమ్మ ఇంట్లో చాయ్ తాగుతూ, లక్ష్మికి హనుమకొండలో కుట్టుపని నేర్పిస్తానంది.

జీపు దగ్గర కట్టమ్మ ఆఫీసరుకు దండం పెట్టింది.

"ఒక్కతే బిడ్డ సారూ. నీ జీపుల తోలుతున్న. పైలం."

"ఫికర్ చెయ్యకమ్మా, నేను దింపుతా. తెలియనివాళ్ల వెంట మాత్రం పిల్లల్ని ఎన్నడూ పంపొద్దు."

"తెల్వనోళ్ల వెంట ఎట్ల పంపుతం సారూ? మాకు ఆ మాత్రం ఎరుక లేదా?"

జీపు కదిలింది. లక్ష్మి చెయ్యి ఊపింది. మూలమలుపు దాటేదాకా చూసి కట్టమ్మ ఇంట్లోకొచ్చింది.

మొండయ్య నెత్తిన ఊకతో గుమ్మిలోంచి లేచాడు. "నా పేరు రాసుకున్నడా?"

"లేదు."

"బతికినం పో."

పరకాల బస్టాండు దగ్గర చెయ్యెత్తితే ఎక్కించుకున్న ఆ మేడంను ఆఫీసరు ఊరి మనిషి అనుకున్నాడు, ఊరు ఆఫీసరు మనిషి అనుకుంది, 1976 నవంబరు తొమ్మిదిన కాజీపేట స్టేషన్ దగ్గర ఆమె వెంట జీపు దిగిన లక్ష్మి మళ్లీ రాలేదు.