నువ్వు తింటేనే

“నువ్వు తింటేనే నేను తింటాను,” అన్నాడు ఎలాదియో, చెంచా బల్లమీద పెట్టేస్తూ.

సబేలాకు ఏడుపొచ్చినంత పనైంది. ఒకప్పుడు సన్యాసులు మౌనంగా భోంచేసిన ఆ పొడవాటి గదిలో ఇప్పుడు సెలవులకొచ్చిన జంటలు కబుర్లు చెప్పుకుంటున్నాయి. అందరి ముందూ మొగుణ్ణి బతిమాలడానికి ఆమెకు సిగ్గు వేయలేదు. సిగ్గుపడే దశ ఎప్పుడో దాటిపోయింది.

“చిన్నపిల్లాడివా? చారు చల్లారిపోతోంది.”

“నీది ఎప్పుడో చల్లారింది. ముందు నువ్వు.”

ఆమె ఆకుకూర చారు ఒక చెంచా నోట్లో పోసుకుంది. గొంతు దిగలేదు. బలవంతాన మింగి, నవ్వి చూపించింది. అప్పుడు అతనూ ఒక చెంచా తాగాడు. అలా పంతాలకు పోయి ఇద్దరి గిన్నెలూ ఖాళీ చేశారు. అతని కడుపులోకి కాస్తంత వెళ్ళింది, ఈ పూటకు అదే పదివేలు అనుకుంది సబేలా.

ఎలాదియో ఔరెన్సె పట్టణంలో సిటీ బస్సు నడుపుతాడు. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. వేసవి మొదట్లో భార్యాభర్తలిద్దరూ కలిసి రక్తపరీక్ష చేయించుకున్నారు. తర్వాత డాక్టర్ ఫిదేల్ ఆమెను విడిగా కూర్చోబెట్టి, ఎలాదియో రక్తంలో చెడ్డ జబ్బుందనీ, మందులు వాడినా ఎక్కువ ఆశ పెట్టుకోవద్దనీ చెప్పాడు. ఫిదేల్, ఎలాదియో ఒకే బడిలో చదువుకున్నవాళ్ళు.

“ఆయనకు చెప్పకండి డాక్టర్ గారూ,” అంటూ చేతులు పట్టుకుంది సబేలా. “మా అక్కకు ఇలాగే చెప్పేశారు. ఆ రోజే గోడవైపు తిరిగి పడుకుంది. తిండి మానేసింది, మందు ముట్టలేదు. అక్క జబ్బుతో పోలేదు, భయంతో పోయింది. ఎలాదియోకి ఒంట్లో రక్తం తక్కువైందని చెప్పండి, చాలు.”

ఫిదేల్ ఆమె మొహంలోకి చూసి, సరేనన్నాడు. ఎలాదియోకి మాత్రలు రాశాడు. రోగిని చూసుకునేవాళ్ళకూ బలం కావాలంటూ ఆమెకూ కొన్ని రాశాడు. సీల్ నది లోయలో హోటలుగా మార్చిన ఈ పాత మఠంలో కొన్నాళ్ళు ఉండమన్నదీ అతనే. పక్క ఊరే అతనిది. ఆదివారాలు వచ్చి చూసి వెళ్తున్నాడు.

గదికి వెళ్ళే రాతి మెట్ల మధ్యలో ఎలాదియో కూలబడ్డాడు.

“ఆగవే. ఆయాసంగా ఉంది.”

సబేలా పక్కనే కూర్చుంది. తనకూ ఊపిరి అందడం లేదు. భయంవల్లే అనుకుంది.

“ఈ మెట్లు కట్టినవాడికి మోకాళ్ళనేవి లేవేమో!” అన్నాడతను.

“సన్యాసులు కదా, దేవుడి దగ్గరకు తొందరగా పోదామని కట్టుకుని ఉంటారు.”

అనేసి నాలుక కరుచుకుంది. అతను మాత్రం పడీ పడీ నవ్వాడు. ఏమీ తెలియనివాడు కనక అంత హాయిగా నవ్వుతున్నాడనుకుంది సబేలా.

గదిలో మళ్ళీ అదే పేచీ. ఆమె మాత్ర వేసుకుంటేగానీ అతను వేసుకోలేదు. ఆమె నడుం వాలిస్తేగానీ పడుకోలేదు. అతనికి కునుకు పట్టగానే సబేలా చప్పుడు చేయకుండా లేచి, మఠంలో ఇంకా గుడిగానే మిగిలిన ఆ ఒక్క గదిలోకి వెళ్ళింది.

అక్కడ హోటలు చూసుకునే ఒబ్దూలియా పూలు మారుస్తోంది.

“ఆ గౌనుకి పిన్నీసు పెట్టావేంటమ్మా?”

“వదులైపోయింది. ఆయన్ని అలా చూస్తూ నాకు ముద్ద దిగుతుందా?”

సబేలా మరియమాత ముందు మోకరిల్లింది. చదవాల్సిన ప్రార్థన ఒక్కటీ గుర్తురాలేదు. పిడికిలితో రాతి నేలమీద కొట్టింది.

“ఏం చేశాడు తల్లీ ఆయన? ఇన్నేళ్ళు బస్సు నడిపాడు, ఒక్క కుక్కను కూడా గుద్దలేదు. నీకు ఎవరో ఒకరు కావాలంతేగా? నన్ను తీసుకుపో. వింటున్నావా? నన్ను తీసుకుని ఆయన్ని వదిలెయ్!”

ఒబ్దూలియా పరుగున వచ్చి లేవదీసింది. తన ఏప్రానుతోనే ఆమె మొహం తుడిచింది.

సాయంత్రం ఫిదేల్ వచ్చాడు. పోయిన ఆదివారం ఇద్దరి రక్తమూ తీసుకెళ్ళాడు. సబేలాది తీయకపోతే తనదీ ఇవ్వనని ఎలాదియో మొండికేశాడు మరి. సబేలా డాక్టరుకు గుమ్మంలోనే ఎదురెళ్ళింది. పరీక్షలో ఏం తేలిందని అడిగింది.

“మందు పనిచేస్తోంది,” అన్నాడు ఫిదేల్.

ఆమె గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత పైకి వెళ్ళి, కిటికీ దగ్గర కూర్చుంది.

కింద రాతి స్తంభాల వసారాలో ఎలాదియో డాక్టరును సాగనంపుతున్నాడు.

“ఆమెకేం చెప్పావు?”

“మందు పనిచేస్తోందన్నాను.”

“నిజంగా చేస్తోందా?”

ఫిదేల్ తల అడ్డంగా ఊపాడు. “వేసవి చివర ద్రాక్ష కోతలదాకా ఉంటే గొప్పేరా.”

ఎలాదియో స్తంభం పట్టుకున్నాడు. ఫిదేల్ అతని భుజం కింద చెయ్యి వేసి నిలబెట్టాడు.

“ఎంతకాలమని ఇలా నటిస్తావురా? నీవల్ల అవుతుందా?”

“అవ్వాలి.”

“ఎలాదియో!” పైనుంచి సబేలా కేక. “అంతసేపు నిలబడకు, నీరసం వస్తుంది!”

“వస్తున్నానే తల్లీ!” నవ్వుతూ చెయ్యూపాడు. ఆమె లోపలికి వెళ్ళేదాకా ఆ నవ్వు అలాగే పట్టి ఉంచాడు. తర్వాత చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుని, మిత్రుడి వైపు తిరిగాడు.

“జబ్బు తనకేనని సబేలాకు తెలియకూడదురా.”