పునుగుల కౌన్సిలర్

ఓట్లు ఎత్తేసి లైకులు పెట్టాక, కంచరపేటలో రోజూ తెల్లవారుజామున ఎవరి వీడియోకి ఎక్కువ లైకులొస్తే ఆ రోజుకి వాళ్లే వార్డు కౌన్సిలర్. పునుగుల బడ్డీ నడిపే మంగతాయారు బేరాలు పెరుగుతాయని ఒక వీడియో పెట్టింది. మర్నాడు పొద్దున్నే మునిసిపల్ గుమాస్తా బడ్డీ ముందుకొచ్చి నిలబడ్డాడు.

“అమ్మా, ఇవాళ్టి కౌన్సిలర్ మీరే.”

“ఉండు నాయనా, వాయి మాడిపోతోంది,” అందామె.

వెనకే వచ్చిన పాత కౌన్సిలర్ సాంబయ్య చేతులెత్తి దండం పెట్టాడు. “బతికించావు చెల్లెమ్మా! ఈ పదవి కోసం తొమ్మిది నెలల్నించీ రోజూ డాన్సు చేస్తన్నా. మోకాళ్లు అరిగిపోయినయ్.”

“మరి నాలుగు రోజుల్నించీ కుళాయిల్లో చుక్క నీళ్లు లేవు. అది చూడలేదేం?”

“డాన్సుకే టైం చాల్లేదమ్మా!”

మంగతాయారుకు ఒళ్లు మండింది. పొయ్యి ఆర్పి పంపుహౌసుకు వెళ్లి, మోటారు బాగయ్యేదాకా మెకానిక్ పక్కనుంచి కదల్లేదు. ఆ హడావుడిలో కొత్త వీడియో పెట్టనే లేదు. పదవి ఒక్కరోజు ముచ్చటేననుకుంది.

తెల్లవారుజామున నీళ్లొచ్చాయి. వార్డంతా బిందెలు పట్టుకుని పరిగెత్తింది. ఆ పూట ఫోను ముట్టుకున్నవాళ్లు లేరు, లైకు కొట్టినవాళ్లూ లేరు. పోటీకి ఎవరూ తేలకపోవడంతో మంగతాయారు రెండో రోజూ కౌన్సిలర్‌గానే ఉండిపోయింది.