పాత బ్రేక్ ప్యాడ్లు

“బ్రేక్ ప్యాడ్లు మార్చామండి. మీ పాతవి ఇవిగో.” షాపు ఓనర్ సోమేశ్వరరావు అరిగిన ముక్కలు రెండు కౌంటర్ మీద పడేశాడు.

తేజస్విని బిల్లు చూసింది. “బయట ఇందులో సగం కూడా కాదు. పైగా పొద్దుటి నుంచి తిప్పుతున్నారు.”

“రాయదుర్గంలో షాపు అద్దె మీరు కడతారా? నచ్చకపోతే ఇంకో షాపు చూసుకోండి.”

“మా ఆఫీసులో అందరూ అదే చేశారు. వాళ్లు చెబితేనే నా ప్యాడ్ల అంచుకు నెయిల్ పాలిష్ రాసి తెచ్చాను. వీటికి లేదు.”

“గోళ్లకు పెట్టుకునేది బండికి పెట్టారా!” అని పెద్దగా నవ్వాడు.

“బండి తెప్పించండి, చూద్దాం. బ్రేకు అస్సలు పట్టడం లేదనే కదా ఇచ్చాను.”

“నర్సింగ్, మేడం బండి తీసుకురా!”

మెకానిక్ లోపలి నుంచి వచ్చాడు. “లేదు సార్. నేను చాయ్‌కి పోయినప్పుడు మీ అవినాష్ బాబు తీస్కపోయిండు. బిల్లు చూసి బ్రేకులు కొత్తయనుకున్నడేమో. అమ్మగారిని ఎన్క కూసోబెట్టుకొని ఖాజాగూడ గుట్ట దిగుడుకెళ్లి పోయిండట.”

సోమేశ్వరరావు వెంటనే కొడుక్కి ఫోన్ చేశాడు. అది కౌంటర్ సొరుగులోనే మోగింది.

తేజస్విని బిల్లును అతని ముందుకు తోసింది.

“కంగారెందుకండి? కొత్త బ్రేకులే కదా!”