ఉత్తుత్తి ఉద్యోగులు

రేపటి నుంచి రెండు వందల మంది డెస్క్‌టాపులు ఒకే సర్వర్ మీద నడవాలి. దాని ప్రాసెసర్ అంత బరువు మోస్తుందో లేదో చూద్దామని, ఆఫీసు ఖాళీ అయ్యాక అంతమంది ఉత్తుత్తి ఉద్యోగులను ఒక ప్రోగ్రాముతో లాగిన్ చేయించాను. సర్వర్ తట్టుకుంది. హమ్మయ్య అనుకుని టెస్టు ఆపేశాను.

ఒక్కరు తప్ప అందరూ లాగౌట్ అయిపోయారు. నా మానిటర్‌లో చూస్తే, ఆ ఒక్కరి తెర మీద ఫైళ్లు తీరిగ్గా, ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. మా టీమ్ లీడర్‌కి ఫోన్ చేశాను.

“అక్కా, మీరేమైనా లాగిన్ అయ్యారా?”

“నిద్రలో లాగిన్ అవడం నాకింకా రాలేదు. సర్వర్ నిలబడిందా?”

“నిలబడింది.”

“అయితే ఇంటికి పో.”

చివరి ఫైలు మూసుకుంది. నా వెనక వరసలో ఒక ఖాళీ కుర్చీ కిర్రుమంది. కాసేపటికి లిఫ్టు కిందికి దిగిన చప్పుడు వినిపించింది. ప్రాసెసర్ లోడు సున్నాకి వచ్చింది.

గుండె కుదుటపడింది. రేపటి సర్వర్ లెక్కలో మాత్రం రెండు వందలకు ఒక మనిషిని ఎక్కువ వేశాను.