ఉగ్గుగిన్నెలో నీళ్ళు

“కాస్త ఓపిక పట్టవే. గుళ్ళో ఈ రాత్రి ఈస్టరు పాస్కా జాగరణకి జ్ఞానస్నానపు తొట్టి నింపుతున్నారట. అది కాగానే వస్తానన్నారు ఫాదర్‌గారు,” అంది అమ్మమ్మ.

“అప్పటిదాకా నా పిల్ల ఓపిక పడుతుందా?” అంది బాలింత.

పొద్దున ఆస్పత్రి డాక్టరు పిల్లని చూసి “ఇప్పుడే ఏం చెప్పలేం” అని వెళ్ళిపోయాడు. ఆ మాటకి ఒకటే అర్థం తోచింది తల్లికి. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమె కీడెంచడం దగ్గరే ఆగిపోయింది. నెలలు నిండని పిల్ల. జ్ఞానస్నానం కాకుండానే పోతే?

“ప్రాణం మీదికొస్తే ఎవరైనా ఇవ్వొచ్చని ఫాదర్‌గారే చెప్పారుగా,” అని లేచింది. పాలుపట్టే ఉగ్గుగిన్నెలో కాచి చల్లార్చిన నీళ్ళు పోసుకుంది. చెప్పులు విప్పి పిల్లల గదిలోకి నడిచింది.

“మా అమ్మ పేరు! మర్చిపోకు!” అని వెనకనుంచి కేకేసి, అమ్మమ్మ తలుపు అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది.

నర్సు అటు తిరిగి సెలైన్ సరిచేస్తోంది. కిటికీ పక్క గాజుపెట్టెలో, నీలం దీపం కింద, కళ్ళకి గంతలు, నెత్తిన టోపీ, ముక్కులో గొట్టంతో గుప్పెడంత ప్రాణం. తల్లి గుండ్రటి తలుపు తీసి చెయ్యి లోపలికి పెట్టింది. అనుకున్న పేరుతో పిలిచింది.

“పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను.”

చుక్క చుక్కగా నీళ్ళు నుదుటిమీద పడ్డాయి. పిల్ల నొసలు ముడిచింది. ఆ రోజుకి మొదటిసారి తల్లి గుండె కుదుటపడింది.

“అక్కడేం చేస్తున్నారమ్మా?” నర్సు పరుగెత్తుకొచ్చింది. “మీ పాప ఇటుంది. పొద్దున నా బల్ల పక్కకి మార్చాం.”

“మరి ఇది?”

“మెట్ల పాప. ఆస్పత్రి మెట్లమీద ఎవరో వదిలేసి పోయారు. పేరు కూడా లేదు పాపం.”

గిన్నెలో చుక్క మిగల్లేదు. అంతలో కిటికీ పక్క పెట్టె అలారం కీచుమని మొత్తుకుంది. “బయటికి, బయటికి!” అంటూ నర్సు ఆమెని గది దాటించింది.

“మన పిల్ల కోసం పట్టుకెళ్ళిన నీళ్ళు ఊళ్ళో పిల్లకి పోసొచ్చావా! కళ్ళెక్కడ పెట్టుకున్నావే?” తలుపు దగ్గర అంతా విన్న అమ్మమ్మ నెత్తి బాదుకుంది.

ఫాదర్‌గారు తడిసిన చేతులతోనే ఆయాసపడుతూ వచ్చారు. తల్లి ఆయన కాళ్ళదగ్గర కూలబడి జరిగింది చెప్పింది. “ఆ జ్ఞానస్నానం వెనక్కి తీసుకోవచ్చాండీ?”

“వెనక్కొచ్చేది కాదమ్మా. మన చెయ్యి తప్పుతుంది, కృప తప్పదు.”

“అయితే నా పిల్లకి?”

“దానికీ ఇద్దాం. కృప ఏమన్నా కరువు సరుకా, ఒకళ్ళకిస్తే ఇంకొకళ్ళకి లేకపోవడానికి?”

తలుపు తెరుచుకుంది. నర్సు మొహం చూడగానే తల్లి లేచి నిలబడింది.

“మీ పాప కాదమ్మా. మెట్ల పాప పోయింది.”

“హమ్మయ్య!” అనేసి అమ్మమ్మ నాలిక్కరుచుకుంది.

“దాన్నెవరు తీసుకెళ్తారు?” అడిగింది తల్లి.

“ఎవరొస్తారమ్మా? సాయంత్రం ఆస్పత్రి బండి వస్తుంది. దిక్కులేని వాళ్ళందరితో పాటే.”

తల్లి ఉత్త గిన్నెని కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

కాసేపటికి నర్సు ముగ్గుర్నీ లోపలికి రానిచ్చింది. కిటికీ పక్క పెట్టెలో దీపం ఆర్పేశారు. తెల్లగుడ్డ కప్పేశారు. బల్ల పక్క పెట్టెలో పిల్ల ఎగశ్వాసతో కాళ్ళు కొట్టుకుంటోంది. ఫాదర్‌గారు అదే ఉగ్గుగిన్నెలో నీళ్ళు తీసుకున్నారు.

“పాప పేరు?”

“మా అమ్మ పేరేనండీ. చెప్పవే!” అమ్మమ్మ మోచేత్తో పొడిచింది.

తల్లి తెల్లగుడ్డ వైపే చూస్తోంది.

“దీనికి ఇంకోటి పెట్టండి ఫాదర్‌గారూ. ఆ పేరు దీని అక్కది.”